మీకు జీతమిచ్చేదెవరు బాబూ?

సింగరేణిలో చివరి మస్టర్ పడ్డ రోజు దండలు, శాలువా, గ్రూపు ఫొటో అన్నీ అయిపోతాయి. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్యనిధి), మిగిలిన సెలవుల డబ్బు ఖాతాలో పడటం మొదలయ్యాక ఇంటికి చుట్టాలొస్తారు. చాలామంది నిజంగా చుట్టాలే. ఒకరు తమ్ముడి వరస, ఇంకొకరు పాత షిఫ్టులో కలిసి పనిచేసినాయన కొడుకు. చేతిలో రంగుల బ్రోచర్, సంచిలో ఫారాల కట్ట. సంతకం పెట్టాల్సిన చోట ముందే పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు. “ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకాల ఒకటి పెట్టు బాబాయ్. మిగతాది నేను నింపుకుంట.” ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో తీసుకుంటే ఎంత పోతుంది, నామినీ ఎవరు... అసలు సంగతులన్నీ ఆయన నింపుకునే ఆ ఖాళీల్లోనే ఉంటాయి.

ఇల్లందు ఆ సింగరేణి బొగ్గుతోనే పుట్టి పెరిగిన ఊరు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి బొగ్గు ఆనవాళ్లు కనిపెడితే, 1889లో తవ్వకం మొదలైంది. జనం ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. భూగర్భ గనులు మూతపడుతూ వచ్చాయి, దిగిపోయినవాళ్లు ఊళ్లో మిగిలారు. వాళ్లకొచ్చే పింఛను సంగతి తెలిస్తే ఆ ఒక్కసారి వచ్చే డబ్బు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. 1998 మార్చి 31 నుంచి అమలైన బొగ్గు గనుల పింఛను పథకంలో కరువు భత్యం లేదు. చాలామందికి మొదట ఎంత ఖరారైతే ఆఖరిదాకా అంతే. బియ్యం పెరిగినా, షుగరు మాత్రలు పెరిగినా అది పెరగదు. కాబట్టి ఆ మొత్తం ఒకసారి తప్పు చోటికి పోతే మళ్లీ సంపాదించుకునే దారి లేదు.

సలహా చెప్పేవాడు మంచివాడా అని మనం వాకబు చేస్తాం. ఆ ప్రశ్నతో పెద్దగా ఉపయోగం లేదు. డిపాజిట్లు పోగుచేసి ముంచేసిన అగ్రిగోల్డ్ కంపెనీనే చూడండి. 32 లక్షల డిపాజిట్ ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు. ఆ డబ్బు పోగుచేసినవాళ్లెవరూ దొంగల్లా కనిపించలేదు. పక్కింటివాళ్లు, బంధువులు, ఊళ్లో నలుగురికీ తెలిసినవాళ్లే ఏజెంట్లు. తమ ఇంటి డబ్బు కూడా అందులోనే పెట్టి మునిగినవాళ్లు వాళ్లలో ఎందరో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్లు చెల్లించింది. అదీ ఆ రాష్ట్రం వాళ్లకు. ఏజెంటు మంచితనం డిపాజిటర్‌ని కాపాడలేదు, ఏజెంటునూ కాపాడలేదు.

బొగ్గు బాయిలో పనిచేసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మైనింగ్ సర్దార్ వచ్చి గని రూఫ్ మీద కర్రతో కొట్టి చూసేవాడు. బోలుగా మోగిందా, ఎవరినీ అటు పోనిచ్చేవాడు కాదు. పక్కనున్నవాడు మంచోడని రూఫ్ కూలకుండా ఆగదు కదా!

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ‘నేను ఇందులో డబ్బు పెడితే నీకు ఎవరిస్తారు, ఎంతిస్తారు?’ మొహమాటం పక్కనబెట్టి అడగాలి. నిజాయితీగా చెప్పినవాడితో మాట్లాడవచ్చు. నవ్వి దాటేసినవాడికి మంచినీళ్లిచ్చి పంపేయవచ్చు.

ఈ ప్రశ్న వేస్తే ఒక చిత్రమైన విషయం బయటపడుతుంది. అరవై దాటినవాళ్ల కోసం పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీం ఉంది. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచి, వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ రేటున 30 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొస్తాయి, అసలు ఐదేళ్లకు తిరిగొస్తుంది. (కొత్తగా వేసేవాళ్లకు రేటు మారవచ్చు, ఆ రోజు అడిగి తెలుసుకోవాలి.) ఇంత తేలికైన పథకం గురించి ఎవరూ మన గుమ్మం ఎక్కి ఎందుకు చెప్పరు? 2011 డిసెంబరు నుంచి దీనికి ఏజెంట్ల కమీషన్ తీసేశారు. అంతే సంగతి. బ్యాంకుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం వెళ్లిన పెద్దాయనకు బీమా పాలసీ అంటగట్టడం వెనకున్న లెక్క కూడా ఇదే.

కమీషన్ లేకుండా, మన దగ్గరే ఫీజు తీసుకుని సలహా చెప్పేవాళ్ల కోసం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో నిబంధనలు తెచ్చింది. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ‘ఐఎన్ఏ’తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. దేశమంతా కలిపినా వాళ్లు రెండు వేలమంది కూడా లేరు. ఇల్లందులో అలాంటి బోర్డు కోసం వెతికేకంటే, ఫోన్లో మాట్లాడి ఒక్కసారికి ఫీజు కట్టడమే మేలు. డాక్టరుకు ఇస్తాం, వకీలుకు ఇస్తాం, డబ్బు సలహా మాత్రం ఊరికే కావాలంటాం. ఊరికే వచ్చిన సలహాకు ఫీజు మన అసల్లోంచే పోతుంది.

ఈ ప్రాంతంలో ఇంకో ఉచ్చు భూమి. ఏజెన్సీ ఊళ్లలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. అయినా ‘నోటరీ చేయిద్దాం, అందరూ కొంటున్నారు’ అంటూ ప్లాటు చూపించేవాళ్లుంటారు. ‘ఇది చెల్లదు, కొనకు’ అని చెప్పిన వకీలు ఆ డాక్యుమెంటు మీద వచ్చే ఫీజు వదులుకుంటున్నాడు. నా దృష్టిలో అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.

ఇల్లు పిల్లల పేర రాసేటప్పుడూ అంతే. కొడుకు పిలుచుకొచ్చిన డాక్యుమెంట్ రైటర్ కొడుకు పనే చేస్తాడు. తప్పు పట్టలేం. తల్లిదండ్రులు తమ మనిషిని తాము వెతుక్కోవాలి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోని బిడ్డలకు చేసిన ఆస్తి బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అయితే ‘నన్ను పోషించాలి’ అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే రాయించుకుంటే వాదన బలంగా నిలుస్తుంది. అసలు గిఫ్ట్ ఎందుకు, బతికున్నంతకాలం మార్చుకునే వీలున్న వీలునామా చాలదా అని అడిగే వకీలు దొరికితే వదలకండి. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. కోయ, లంబాడా కుటుంబాలు ఇన్ని ఉన్న చోట ఈ నంబరు ప్రతి గూడెంలో, తండాలో గోడ మీద ఉండాల్సింది.

ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల బీరువా తీయించి, ఈమధ్య సంతకాలు పెట్టిన కాగితాలు వాళ్ల ముందే చదవండి. జీవిత బీమా పాలసీ ఏదైనా ఉండి, అది చేతికొచ్చి 30 రోజులు దాటకపోతే, మర్నాడే రాతపూర్వకంగా వెనక్కిచ్చేయవచ్చు. స్టాంపు, వైద్య పరీక్షల ఖర్చు, అన్నాళ్ల బీమా రక్షణకయ్యే కొద్ది మొత్తం పట్టుకుని మిగతా డబ్బు కంపెనీ తిరిగివ్వాల్సిందే.