అత్తగారి లిథియం మాత్ర

మా అత్తగారికి 72 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా ఆవిడకు బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు నిద్రే పట్టని హుషారు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చీరలు పంచడం. కొన్నాళ్లు మంచం దిగకపోవడం. హోసూరులో మా వీధివాళ్లు దీనికి గాలి సోకిందనీ, పొగరనీ ఎన్ని పేర్లు పెట్టారో! లిథియం మాత్రే ఆవిడను నిలబెట్టింది.

ఈ జబ్బుకు లిథియం పనికొస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించారు. అది ఒంట్లోంచి మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. వయసుతో వాటి పని మందగిస్తుంది కనుక, నలభైల్లో సరిపోయిన మోతాదే డెబ్బైల్లో ఎక్కువ కావచ్చు.

అసలు చిక్కు మోకాళ్ల నొప్పులతో. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివీ, బి.పి.కి వాడే కొన్ని మాత్రలూ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. ఉప్పు ఒక్కసారిగా మానేసినా, విరేచనాలు పట్టుకున్నా అంతే. చేతులు బాగా వణకడం, మాట తడబడటం, నడక తూలడం, మగత కనిపిస్తే ముసలితనమని సరిపెట్టుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగని డాక్టరును అడక్కుండా మాత్ర మానిపించకండి, జబ్బు తిరగబెడుతుంది.

తమిళం ధారాళంగా మాట్లాడే మా అత్తగారు మనసులో బాధ మాత్రం తెలుగులోనే చెప్పగలరు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇప్పుడు మోకాళ్లకు పారాసిటమాల్, కాపడం. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, అదీ చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు గనుక అత్తగారు కాఫీ తాగే బయల్దేరతారు.