తెలిసియు ఆచరింపకుండుట – ప్రజ్ఞాపరాధము

రోగములకు మూల కారణములుగా చరక సంహిత చెప్పిన మూడింటిలో ప్రజ్ఞాపరాధము ఒకటి. ధీ, ధృతి, స్మృతి చెదరినపుడు మానవుడు చేయు అహిత కర్మయే ప్రజ్ఞాపరాధము. ధీ అనగా మంచిచెడులను గుర్తించు బుద్ధి. ధృతి, మనస్సును అహితము నుండి నిలుపు శక్తి. స్మృతి, తెలిసినది తగిన వేళకు జ్ఞప్తికి వచ్చుట. కనుక తెలిసినంత మాత్రమున ఆరోగ్యము కలుగదు.

దొర్నిపాడు, ఆళ్లగడ్డ ప్రాంతముల వారికి దీనికి దృష్టాంతము చేరువలోనే గలదు. 1906లో నెలకొన్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము సూర్యనంది మొదలగు కొర్ర రకములను రూపొందించినది. 100 గ్రాముల కొర్రలలో మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు. పాలిష్ బియ్యమున 7 గ్రాములే. పీచుపదార్థమును కొర్రలలోనే అధికము. మధుమేహులకు తెల్లన్నము కంటె కొర్రన్నము మేలని నేడు వినని వారు అరుదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరముగా జరిపినది. అయినను చాలా ఇండ్లలో రెండు పూటలా తెల్లన్నమే. కొని తెచ్చిన కొర్రలు డబ్బాలో పురుగు పట్టుచున్నవి.

ఆచరణ విధానము: వారమునకు రెండు దినములు కొర్రన్నమని ముందే నిర్ణయించుకొనుడు; ఇది ధృతి. కొర్రల డబ్బాను బియ్యపు డబ్బా ప్రక్కనే ఉంచుడు. ఇది స్మృతికి సాయము. ఒక గ్లాసు కొర్రబియ్యమును కడిగి, కొన్ని గంటలు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీటితో వండి, పప్పు, ఆకుకూరలతో మితముగా భుజింపవలెను.

హెచ్చరిక: మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని సలహా లేక వాటిని మానరాదు, తగ్గింపరాదు.

పథ్యము నాలుకపై నున్నంత కాలము మాట మాత్రమే. పళ్లెములోనికి వచ్చిననే ఔషధము.