పులిపిరులు - దేహములోని కావలివారు



చేతి వ్రేలిమీద నొక పులిపిరికాయ మొలచినంతమాత్రమున ప్రాణభయమేమియు లేదు. కాని బిడ్డ యా చేతిని నలుగురియెదుట చాపుటకు సిగ్గుపడి పైటచెంగున దాచుకొనునప్పుడు తల్లిపడు బాధ మనమెఱుగనిది కాదు. కరీంనగరు ప్రాంతమున బీడీలు చుట్టి సంసారము నడుపుకొను స్త్రీలకు వ్రేళ్లే జీవనాధారము. తడిపిన తునికాకుతో దినమెల్ల పనిచేయు వ్రేళ్లపై చర్మము మెత్తబడి చీలినచో, ఈ వ్యాధికి త్రోవ సులభమగును.

ఈ విషయమున మేమొక తప్పు చేసితిమి. మా వీధిలో బీడీలు చుట్టునొక యిల్లాలి కుమార్తె మా వారి తరగతిలో చదువుచుండెను. ఆమె రెండు చేతులపైనను పులిపిరులు లేచెను. తల్లి మాయొద్దకు వచ్చి, "పంతులమ్మా, మా పిల్లకు ఏదన్న మందు చెప్పుండ్రి" అని యడిగెను. చర్మకీలమును శస్త్రముతో కోసి, క్షారముతోగాని యగ్నితోగాని కాల్చవలెనని సుశ్రుతుడు చెప్పినది చిన్ననాడు తండ్రిగారియొద్ద చదివియుంటిమి. ఆదిలాబాదు అడవులనుండి వచ్చు నల్లజీడిగింజల రసము పూయుట పెద్దలవలన వినియుంటిమి. అదియే చెప్పితిమి. నాలుగవనాటికి చేయి వాచి బొబ్బలెక్కెను. పుండు మానినది, మచ్చ మిగిలినది, రెండు నెలలకు మచ్చచుట్టును పులిపిరులు మరల మొలచినవి. సుశ్రుతుడు చెప్పినది నేర్చిన వైద్యుని హస్తకౌశలము. మేము చెప్పినది వంటింటి సాహసము.

ఆ పిమ్మట చర్మవైద్యులనడిగి తెలిసికొన్న సంగతులివి. పులిపిరికి కారణము కంటికగపడని వైరసు. 1907లో చ్యూఫో యను ఇటలీ వైద్యుడు పులిపిరి సారమును జీవకణములు లేకుండునట్లు మిక్కిలి సన్నగా వడపోసి, తన చర్మమున నెక్కించుకొని, దానినుండి పులిపిరి పుట్టునని నిరూపించెను. ఈ వైరసు చర్మపు పైపొరలోనే యుండును, రక్తములోనికి దిగదు. అలికిడి లేకుండ వసారాలో కాపురమున్న దొంగవలె నుండుటచే దేహములోని కావలివారు దానిని చాలకాలము గుర్తింపరు. పైపైని కాల్చినచో కనబడిన కాయ పోవును. చుట్టుప్రక్కల దాగినది నిలిచియుండును.

కావలివారు మేల్కొన్నచో నవి తమంతట తామే రాలును. పిల్లల పులిపిరులలో ఇంచుమించు మూడింట రెండువంతులు రెండేండ్లలో మందులేకయే పోవునని వైద్యులందురు. గుఱ్ఱపువెండ్రుక కట్టినవారికిని, మంత్రము వేసినవారికిని పేరు వచ్చుటకు గల రహస్యమిదియే.

నూతన చికిత్స యా కావలివారిని మేల్కొలుపుటయే. 2017 ఆగస్టులో మన పాఠశాలలలో తట్టు, రుబెల్లా టీకాలు వేయించిన సంగతి తల్లులకు జ్ఞాపకముండును. అట్టి టీకా పొందిన దేహము ఆ శత్రువును మఱువదు. కనుక తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాల టీకామందును కొద్దిగా, అన్నిటికంటె పెద్ద పులిపిరిలోనికి సూదితో నెక్కింతురు. తెలిసిన శత్రువును చూచి పరుగెత్తివచ్చిన రక్షకకణములు అచ్చటనే దాగిన తెలియని శత్రువును గూడ గుర్తించును. పిదప రక్తముతో దేహమంతయు తిరిగి, సూది తగులని పులిపిరులపైకిని పోవును. రెండుమూడు వారముల కొకసారిగా కొన్ని పర్యాయములు వేయుదురు. కొందఱు వైద్యులు క్షయపరీక్షకు వాడు ద్రవమును, మఱికొందఱు కాండిడా యను శిలీంధ్రపు సారమును వాడుదురు. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్రసంస్థలో జి. పి. తల్వారుగారును, సహచరులును కుష్ఠురోగమునకై సిద్ధపఱచిన, చంపిన సూక్ష్మజీవుల టీకాను గూడ మన దేశపు వైద్యులు పులిపిరులపై పరీక్షించిరి.

ఇది సర్వసంజీవని కాదు. కొందఱికి పూర్తిగ పోవును; కొందఱికి కొంతయే తగ్గును; కొందఱికి పనిచేయనే చేయదు. నొప్పి, వాపు, జ్వరము రావచ్చును. ఒక్కొక్కప్పుడు సూది వేసినచోట పుండును పడవచ్చును. గర్భిణులకును, రోగనిరోధకశక్తి తగ్గినవారికిని తట్టు టీకా తగదు. ఒకటి రెండు కాయలున్నచో సాలిసిలికామ్లపు పూతయో, శీతలద్రవముతో గడ్డకట్టించుటయో చాలును. పెక్కులు లేచి, మాటిమాటికి తిరిగివచ్చువారికే యీ నూతనమార్గము ముఖ్యముగ నుపయోగపడును.

ఇంట మనము చేయవలసినది స్వల్పమే. పులిపిరిని గిల్లరాదు, కొఱకరాదు, బ్లేడుతో కోయరాదు. తువ్వాలు వేఱుగ నుంచవలెను. జీడిరసము, సున్నము పూయక చర్మవైద్యునికి చూపవలెను.

ఆ బాలికకు మూడవ సూది కుడిచేతికి వేసిన కొన్నాళ్లకు, మందు తగులని యెడమచేతి పులిపిరులును ఎండి రాలినవి. ఇప్పు డామె తరగతిలో చేయెత్తి సమాధానము చెప్పుచున్నదని మా వారనిరి. జీడిమచ్చ మాత్ర మా చేతిపై నట్లేయున్నది. అట్టి మచ్చ మఱియొక బిడ్డకు రాకుండుటకై యింత వ్రాసితిమి.