జవాబు చెప్పే తీగ

శ్రీహరికోట ప్రయోగ వేదికపై నిలబడిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎత్తు 44 మీటర్లు. దాని దిక్కునూ వేగాన్నీ లెక్కగట్టే కంప్యూటర్లు పైన, నాలుగో దశ దగ్గర ఉంటాయి. మొదటి దశ మంటను పక్కకు మళ్లించే యంత్రాంగం అట్టడుగున ఉంటుంది. పైనుంచి బయలుదేరిన ఆజ్ఞ కిందికి చేరాలి, చేరిందన్న కబురు మళ్లీ పైకి రావాలి. మధ్యలో కుదుపులు, వేడి, విద్యుత్ అలజడి. దశలు ఒక్కొక్కటే విడిపోతుంటే వాటితోపాటు తీగలూ తెగిపోతాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ దీవి నుంచి 1971లో తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటినుంచీ మన కళ్లు చూసేది నిప్పునీ పొగనీ. రాకెట్ లోపల సాగే సంభాషణ మాత్రం ఎవరికీ కనబడదు. దాన్ని మోసే తీగ గురించీ, ఆ తీగకూ కంప్యూటర్‌కూ మధ్య నిలిచే వంతెన గురించీ తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

ఈ తీగ పుట్టింది యుద్ధవిమానాల కోసం. 1960ల్లో విమానాల్లో ఎలక్ట్రానిక్ పరికరాలు ఏటేటా పెరిగాయి. ప్రతి పరికరం నుంచి ప్రతి పరికరానికీ విడిగా తీగలు లాగేవారు. బరువు పెరిగింది, చోటు చాలలేదు, ఎక్కడైనా ఒక తీగ తెగితే వెతికి పట్టుకోవడం గగనమైంది. అందుకని అందరికీ ఉమ్మడిగా ఒకే మెలితిప్పిన తీగల జంట ఉంటే చాలన్న ఆలోచన వచ్చింది. ఇలాంటి ఉమ్మడి దారినే బస్ అంటారు. అమెరికా వైమానిక దళం 1973లో దీనికి నియమాలు రాసి ‘మిల్ స్టాండర్డ్ 1553’ అని పేరు పెట్టింది. ఎఫ్-16 విమానం దాన్ని మొదట అందిపుచ్చుకుంది. 1978లో వచ్చిన ‘బి’ రూపమే చిన్న చిన్న సవరణలతో ఈనాటికీ నడుస్తోంది. యుద్ధవిమానాల నుంచి అది ఉపగ్రహాల్లోకీ, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోకీ, ఇస్రో రాకెట్లలోకీ వెళ్లింది.

దీని వేగం సెకనుకు 10 లక్షల బిట్లు. నేటి లెక్కల్లో అది చాలా తక్కువ. కానీ దీని గొప్పదనం వేగంలో లేదు, క్రమశిక్షణలో ఉంది. తీగ మీద ఒకే నియంత్రికకు అధికారం. మిగిలిన పరికరాలు 31 దాకా ఉండొచ్చు, ఏదీ అడగకుండా నోరు విప్పకూడదు. బడిలో మాస్టారు హాజరు పిలిచినట్టే ఇదీ: పేరు పిలిస్తేనే పలకాలి, పిలిచిన వెంటనే పలకాలి. ఇక్కడ వెంటనే అంటే 12 మైక్రోసెకన్ల లోపు. ఒక్కో మాటకు 20 బిట్ల నిడివి. మొదటి మూడు బిట్ల కాలం ‘ఇక్కడ మాట మొదలవుతోంది’ అని తెలిపే గుర్తు, తర్వాత 16 బిట్ల సమాచారం, చివర తప్పు పట్టే ఒక బిట్. ఒక సందేశంలో ఇలాంటి సమాచార మాటలు 32 దాకా పంపవచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చే నియమం వేరే ఉంది. అందిన సందేశం చెడిపోయి ఉంటే పరికరం ఏదో ఒకటి గొణగదు, అసలు జవాబే ఇవ్వదు. నియంత్రిక ఆ మౌనాన్ని గుర్తించి, అవసరమైతే పక్కనే అదనంగా ఉంచే రెండో తీగల జంట మీద అదే మాట మళ్లీ పంపగలదు. మౌనాన్ని కూడా సమాచారంగా మార్చడమే ఈ ఆవిష్కరణలో అసలు బలం.

ఇక వంతెన. కంప్యూటర్ లోపలి బస్ తీరు పూర్తిగా వేరు. అక్కడ 16 లేదా 32 తీగల మీద అంకెలన్నీ ఒకేసారి, నానోసెకన్ల లెక్కన కదులుతాయి. బయట ఒకే జంట తీగ మీద బిట్టు వెనక బిట్టు నడుస్తుంది. ఈ రెండు లోకాల మధ్య ఒక చిప్ నిలబడి, రెండు వైపులా అందుబాటులో ఉండే మెమరీలో సందేశాలను పెట్టి, తీసి, అందిస్తుంది. ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రామే డ్రైవర్. ఇలాంటి వ్యవస్థల్లో తలనొప్పులు ఎక్కువగా పుట్టేది ఈ సరిహద్దులోనే.

వాటిలో కొన్నింటికి స్పష్టమైన గుర్తులు ఉంటాయి. పంపింది 1, అందింది 256 అయితే తీగను అనుమానించనక్కర్లేదు. 16 బిట్లలోని రెండు బైట్లు తారుమారయ్యాయి, ఒక వైపు పెద్ద బైట్‌ను ముందు పెడుతుంటే రెండో వైపు చిన్నదాన్ని ముందు పెడుతోంది. ఎన్నిసార్లు చదివినా 65535 వస్తుంటే, అంటే బిట్లన్నీ ఒకట్లే అయితే, చాలా వ్యవస్థల్లో అవతల ఎవరూ పలకడం లేదని అర్థం. కొలతలో సగం పాతది, సగం కొత్తది కనిపిస్తే, చిప్ రాస్తుండగానే డ్రైవర్ చదివేసిందన్నమాట. రెండు పెట్టెలు పెట్టి, ఒకటి నిండాకే రెండోదానికి మారడం దానికి మందు. కొన్ని వంతెనల్లో రాసిన ఆజ్ఞ లోపలే కాసేపు నిలిచిపోతుంది. వెంటనే ఒకసారి తిరిగి చదివితే అది ముందుకు కదులుతుంది.

గుర్తు దొరకనప్పుడు వెతకడానికీ ఒక వరస ఉంది. ముందు విద్యుత్తు, క్లాక్ సంకేతం, రీసెట్ చూడాలి. తర్వాత చిప్ తన గుర్తింపు సంఖ్య సరిగ్గా చెబుతుందో లేదో. ఆపై మెమరీలో ఒక్కో బిట్‌నూ మార్చి రాసి, తిరిగి చదవాలి. అప్పుడు చిప్ పంపింది చిప్‌కే తిరిగొచ్చేలా లోపలే ముడివేసి చూడాలి. అది గెలిచాకే బయటి తీగ కలపాలి. చివరగా, పంపేవాడినీ పుచ్చుకునేవాడినీ నమ్మకుండా, తీగ మీద జరిగేదంతా వినే మూడో పరికరాన్ని పెట్టాలి. 1553లో దానికి బస్ మానిటర్ అని విడిగా ఒక పాత్రే ఉంది. ఈ వరస దాటి ముందుకు దూకినవాళ్లు చాలాసార్లు బాగున్న భాగాన్నే విప్పదీస్తూ కూర్చుంటారు.

అయితే తీగ బాగున్నా, వంతెన బాగున్నా అర్థం చెడిపోవచ్చు. 1996 జూన్ 4న ఐరోపా కొత్త రాకెట్ ఏరియన్-5 ఎగిరిన కాసేపటికే ముక్కలైంది. దిక్కు కొలిచే పరికరంలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదించబోతే అది పట్టలేదు. పరికరం పని ఆపేసి, తన లోపాన్ని వివరించే అంకెలను బస్ మీద పంపింది. తీగ వాటిని నమ్మకంగా చేరవేసింది. ప్రధాన కంప్యూటర్ మాత్రం అవి లోపం కబురని గుర్తించక, ప్రయాణపు కొలతలే అనుకుని, మంట వెలువడే నాజిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పేసింది.

మన తీరంలోనూ అలాంటి పాఠం ఒకటి ఉంది. 1993 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి పీఎస్‌ఎల్‌వీ కక్ష్యకు చేరలేదు. రెండో దశ విడిపోయే వేళ కొన్ని చిన్న రాకెట్లు వెలగక పెద్ద కుదుపు వచ్చింది. దాన్ని సరిదిద్దాల్సిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ఒక తప్పు దాగి ఉంది. ఆజ్ఞ గరిష్ఠ పరిమితి దాటినప్పుడే అది బయటపడుతుంది. మామూలు ప్రయాణంలో ఆ పరిమితి దాటే అవసరమే రాదు, కాబట్టి ఆ తప్పు కంటబడలేదు. ఇంజనీర్లు కారణాలు తేల్చి సరిచేశారు. 1994 అక్టోబర్ 15న రెండో పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఈ పనిముట్లు మన చేతుల్లోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి. 2009 నుంచి ఇస్రో రాకెట్లు విక్రమ్-1601 అనే 16 బిట్ల ప్రాసెసర్‌ను వాడుతున్నాయి. దాని వారసుడు 32 బిట్ల విక్రమ్-3201ను తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం, చండీగఢ్ సెమీకండక్టర్ ప్రయోగశాల కలిసి తయారుచేశాయి. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సి60లో దాన్ని పరీక్షించారు. ఆ చిప్‌లో రెండు 1553 బస్ అనుసంధానాలు లోపలే ఉన్నాయి. విడి చిప్‌గా నిలిచే వంతెన ఇక్కడ ప్రాసెసర్ ఒడిలోకే చేరింది. అతుకులు తగ్గుతాయి. డ్రైవర్ రాసేవాళ్ల బాధ్యత మాత్రం తగ్గలేదు.

ఈ విద్య నేర్చుకోవడానికి రాకెట్ అక్కర్లేదు. సూళ్లూరుపేటలోనో గూడూరులోనో ఒక కాలేజీ ప్రయోగశాలలో దొరికే చవక బోర్డు మీది ఐ2సీ బస్ కూడా ప్రతి 8 బిట్ల తర్వాత ‘అందింది’ అనే ఒక్క బిట్ జవాబు అడుగుతుంది. మన పిల్లల ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఆ జవాబును చూడకుండానే ముందుకు సాగిపోతాయి. సెన్సర్ సరిగ్గా చదివితే మార్కులు వేసి పంపేస్తాం. ఇకనుంచి ప్రయోగం నడుస్తుండగా తీగ పీకేయమని అడగాలి. అప్పుడు తెర మీద పాత అంకె అలాగే నిలిచిపోతే మార్కులు వేయకూడదు. జవాబు రాలేదని ప్రోగ్రామ్ తెలుసుకుని, ఎవరు పలకలేదో చెప్పి, తర్వాత ఏం చేయాలో నిర్ణయించినప్పుడే ఆ డ్రైవర్ పూర్తయినట్టు.