భూసార పరీక్షల డేటాబేసులో అనుబంధ పట్టికల నమోదు: స్టోర్డ్ ఫంక్షన్ ఆవశ్యకత

2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ప్రకారం ప్రతి మట్టి నమూనాను 12 అంశాలకు పరీక్షిస్తారు. అవి ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఈ సమాచారాన్ని రైతులు, నమూనాలు, ఫలితాలు అనే మూడు పట్టికలలో భద్రపరిస్తే, కొత్త రైతు తెచ్చిన ఒక్క నమూనాకు 14 వరుసలు అవసరమవుతాయి. నమూనా వరుసలో రైతు సంఖ్య, ప్రతి ఫలితం వరుసలో నమూనా సంఖ్య ఉండాలి.

విడివిడి నమోదులో ప్రమాదాలు

నమోదు మధ్యలో నెట్‌వర్క్ ఆగిపోతే 12 ఫలితాలలో కొన్ని మాత్రమే మిగులుతాయి. ఇది తర్వాతనైనా బయటపడుతుంది. రెండవ ప్రమాదం అంతకంటె తీవ్రమైనది. కొత్త నమూనా సంఖ్యను తెలుసుకొనుటకు పట్టికలోని గరిష్ఠ సంఖ్యను అడిగే అలవాటు కొందరిలో ఉన్నది. ఇద్దరు సిబ్బంది ఒకే సమయంలో నమోదు చేస్తున్నప్పుడు మొదటివారికి రెండవవారి నమూనా సంఖ్య రావచ్చును. ఫారిన్ కీ నిబంధన ఆ సంఖ్య గల నమూనా ఉన్నదా అని మాత్రమే పరిశీలిస్తుంది. అది ఎవరి నమూనా అన్నది దానికి తెలియదు. ఫలితంగా ఒక చేనులోని జింకు లోపం మరొక రైతు కార్డుపైకి ఎక్కుతుంది. లోపమున్న చేనుకు జింకు సల్ఫేటు సిఫారసు అందదు. డేటాబేసు ఏ దోషమూ చూపదు.

ఫంక్షన్ పనిచేయు విధానం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ నమోదునంతటినీ ఒకే ఫంక్షన్‌గా వ్రాయవచ్చును. రైతు వివరాలను, నమూనా వివరాలను, 12 ఫలితాల శ్రేణిని ఫంక్షన్‌కు ఒకేసారి అందించాలి.

1. రైతు వరుసను చేర్చి, 'రిటర్నింగ్' పదంతో ఆ వరుసకు ఏర్పడిన సంఖ్యనే చలరాశిలోకి తీసుకోవాలి.
2. ఆ సంఖ్యతో నమూనా వరుసను చేర్చి, దాని సంఖ్యను కూడ అదే విధంగా గ్రహించాలి.
3. ఆ నమూనా సంఖ్యతో 12 ఫలితాలను చేర్చాలి. లెక్క తగ్గితే ఫంక్షన్ దోషాన్ని ప్రకటించాలి.

ఫంక్షన్ ఒకే లావాదేవీలో నడుస్తుంది. కనుక చివరి ఫలితం వద్ద దోషం వచ్చినా అంతకు ముందు చేర్చిన వరుసలన్నీ రద్దవుతాయి.

జాగ్రత్తలు

రైతు ఇదివరకే నమోదై ఉన్నప్పుడు పాత సంఖ్యనే వాడాలి. 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డు నథింగ్' వాడితే, చేర్చని వరుసకు 'రిటర్నింగ్' ఏ సంఖ్యనూ ఇవ్వదు. దానిని వేరుగా వెదకి తీసుకోవాలి. నమూనా సంఖ్య, పరీక్షాంశం రెండింటిపై కలిపి యూనిక్ నిబంధన పెడితే ఒకే ఫలితం రెండుసార్లు చేరదు. రద్దయిన నమోదుల వలన సంఖ్యల వరుసలో ఖాళీలు ఏర్పడుతాయి. అంతమాత్రాన సమాచారం పోయినట్లు కాదు.

ఎరువుల సిఫారసు విశ్వసనీయత ప్రయోగశాల విశ్లేషణతో ముగియదు. ఏ ఫలితం ఏ చేనుదో చెప్పే సంఖ్య సరియైనదైనప్పుడే ఆ విశ్లేషణ రైతుకు ఉపకరిస్తుంది.