స్ప్రేయర్ ఇంజిన్‌లో రవ్వ పరీక్ష: పాత ప్లగ్గుతో సులభ పద్ధతి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల టమాటా రైతుకు సస్యరక్షణలో మందు ఎంపిక ఎంత ముఖ్యమో, పిచికారీ చేసే వేళ కూడా అంతే ముఖ్యం. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. వానలు పడి వాతావరణం చల్లబడి, ఆకులు గంటల తరబడి తడిగా ఉన్న రోజుల్లో ఆకుమాడు తెగులు కొద్ది రోజుల్లోనే తోటంతా వ్యాపించగలదు. రెండు వానల నడుమ దొరికే తెరపి ఒక్కోసారి ఒక పూటకు మించదు. ఆ పూటలోనే వీపున మోసే పవర్ స్ప్రేయర్ తాడు ఎన్నిసార్లు లాగినా అందుకోకపోతే, రైతు యంత్రాన్ని పట్టణానికి తీసుకువెళ్ళి వచ్చేసరికి మళ్ళీ మబ్బు పడుతుంది. యంత్రంలోని లోపం ఈ విధంగా పంట నష్టంగా మారుతుంది. మల్బరీ కొమ్మలు కోసే బ్రష్ కట్టర్లకు, చిన్న పవర్ వీడర్లకు కూడా ఇక్కడ చెప్పేది వర్తిస్తుంది. వీటిలో పెట్రోలుతో నడిచేవాటి జ్వలన వ్యవస్థ దాదాపు ఒక్కటే.

పెట్రోలు ఇంజిన్ అందుకోవడానికి ఇంధనం, సంపీడనం, సకాలంలో రవ్వ అనే మూడూ కావాలి. ఇంజిన్ మొరాయించగానే మన రైతులు మొదట చేయి వేసేది కార్బురేటర్ స్క్రూలపై. ఇది సరికాదని నా అభిప్రాయం. సరిగా ఉన్న అమరిక చెడిపోతే లోపాలు రెండవుతాయి. రవ్వను పరీక్షించడానికి ఐదు నిమిషాలు చాలు, ఏ అమరికనూ కదిలించనక్కరలేదు. కనుక అదే మొదట చేయాలి.

ముందుగా స్టాప్ స్విచ్ 'ఆన్' వైపు ఉన్నదో లేదో చూడాలి. చిన్న విషయంగా తోచినా, భుజాన ఎత్తుకునేటప్పుడు చేయి తగిలి స్విచ్ జరిగిపోవడం సాధారణం. తరువాత ప్లగ్ పానాతో ప్లగ్గు విప్పి చూడాలి. చాలాసార్లు తాడు లాగిన తరువాత కూడా ప్లగ్గు పొడిగా ఉంటే ఇంధనం సిలిండరులోకి చేరడం లేదన్నమాట. తడిసి ఉంటే ఇంధనం చేరుతున్నది, మండడం లేదు. అప్పుడు రవ్వపై అనుమానం బలపడుతుంది. నల్లగా, జిడ్డుగా మసి పట్టి ఉంటే పెట్రోలులో ఆయిల్ మోతాదు మించి ఉండవచ్చు. టూ స్ట్రోక్ ఇంజిన్లలో తయారీదారు చెప్పిన పాళ్ళకు మించి ఆయిల్ కలిపితే ఇంజిన్‌కు మేలు జరుగుతుందన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉన్నది. ఆ అదనపు ఆయిల్ చివరకు ప్లగ్గు మీదే పేరుకుంటుంది.

ఇక, 'ప్లగ్గులో కరెంటు వస్తోందా' అని చూసే వాడుక పద్ధతి అందరికీ తెలిసినదే. విప్పిన ప్లగ్గును క్యాపులో బిగించి, దాని లోహభాగాన్ని ఇంజిన్ రెక్కలకు ఆనించి తాడు లాగుతారు. రవ్వ కనిపిస్తే జ్వలన వ్యవస్థ బాగున్నదని నిర్ణయిస్తారు. ఈ నిర్ణయంలోనే లోపం ఉన్నది. బయట గాలిలో దూకిన రవ్వ, సిలిండరు లోపలి సాంద్రమైన వాయువులో దూకకపోవచ్చు. 1889లో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు పాషెన్ వివరించిన నియమం ప్రకారం, రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి వాయు సాంద్రత, ఖాళీ దూరాల లబ్ధంపై ఆధారపడుతుంది. సంపీడన నిష్పత్తి 7, ప్లగ్గు ఖాళీ 0.6 మి.మీ. అనుకుందాం. లోపల వాయువు ఏడు రెట్లు సాంద్రమవుతుంది కాబట్టి, ఆ 0.6 మి.మీ. ఖాళీ బయటి గాలిలో సుమారు 4.2 మి.మీ. ఖాళీతో సమానం. బలహీనపడిన కాయిల్ బయట 0.6 మి.మీ. సులభంగా దాటిస్తుంది, లోపల విఫలమవుతుంది. ఈ పరీక్షను నమ్మి మంచి కార్బురేటరును మార్చినవారు తక్కువమంది కారు. చిన్న ఇంజిన్ల తయారీలో పేరున్న బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన మెకానిక్‌ల టెస్టరులో 0.166 అంగుళం, అంటే 4.2 మి.మీ. ఖాళీ ఉంచడంలోని ఔచిత్యం ఇదే.

అటువంటి పరికరాన్ని ఇంటి వద్దే తయారు చేసుకోవచ్చు. పింగాణీ పగలని పాత ప్లగ్గు ఒకటి తీసుకుని, వంకర తిరిగి ఉన్న పక్క ఎలక్ట్రోడును రంపంతో కోసివేయాలి. మధ్య ఎలక్ట్రోడు కొనకూ చుట్టూ ఉన్న లోహపు అంచుకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవాలి. నాలుగు మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే సరే. బాగా తక్కువైతే అంచును ఒకవైపు ఆకురాయితో కొంత అరగదీస్తే సరిపోదు, చుట్టూ అరగదీయాలి. రవ్వ ఎప్పుడూ దగ్గరి దారినే వెతుక్కుంటుంది. ప్లగ్గు లోహభాగానికి ఒక వైరు గట్టిగా చుట్టి, రెండవ కొసకు మొసలి క్లిప్పు తగిలించాలి. ఖర్చంతా ఆ క్లిప్పుదే.

పరీక్ష సమయంలో ఇంజిన్ సొంత ప్లగ్గును తిరిగి దాని స్థానంలో బిగించి ఉంచడం మేలు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్లగ్గు రంధ్రం తెరిచి తాడు లాగితే పెట్రోలు తుంపర బయటకు చిమ్ముతుంది, పక్కనే రవ్వ ఉంటే అంటుకుంటుంది. కారిన పెట్రోలు తుడిచి, ట్యాంకు మూత బిగించి, గాలి ఆడే నీడలో పరీక్షించాలి. క్లిప్పును రంగు లేని లోహభాగానికి తగిలించి, పాత ప్లగ్గును క్యాపులో పెట్టి, ఏదీ చేతితో పట్టుకోకుండా తాడు చురుగ్గా లాగాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పని చేయరాదు. క్యాపును గాలిలో వదిలి తాడు లాగడం కూడా తగదు. దారి దొరకని అధిక వోల్టేజి కాయిల్ లోపలి బంధకాన్నే ఛేదించవచ్చు. ఇళ్ళలో వాడే లైన్ టెస్టరును ప్లగ్గు కొనకు తాకించడం మరీ ప్రమాదం. అది 230 వోల్టులకు ఉద్దేశించినది, ఇక్కడ ఉన్నవి వేల వోల్టులు.

రవ్వ నీలంగా ఉంటే మంచిదని, ఎర్రగా ఉంటే నీరసమని అంటారు. ఎండలో రంగు కంటిని మోసగిస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు క్రమంగా దాటుతున్నదా లేదా అన్నదే నమ్మదగిన కొలత. దాటితే కాయిల్ బాగున్నట్లే, కొత్త ప్లగ్గు వేసి చూడాలి. దాటకపోతే వెంటనే కాయిల్ కొననక్కరలేదు. మొదట స్టాప్ స్విచ్ వైరును కాయిల్ వద్ద విడదీసి మళ్ళీ లాగాలి. అప్పుడు రవ్వ వస్తే లోపం స్విచ్‌లోనో, ఒరుసుకుపోయిన వైరులోనో ఉన్నది. ఇంజిన్‌ను ఆపే దారి అదే కాబట్టి, దానిని సరిచేసి తిరిగి కలపనిదే పొలానికి వెళ్ళరాదు. తరువాత క్యాపు లోపలి స్ప్రింగు తుప్పు, చివరగా ఫ్లైవీల్ అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య ఖాళీ చూడాలి. చాలా ఇంజిన్లలో ఇది 0.3 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది, విజిటింగ్ కార్డు మందమంత. ఇవన్నీ సరిగా ఉండి కూడా రవ్వ రాకపోతేనే కాయిల్ మార్చాలి.

రవ్వ బలంగా ఉండి, ప్లగ్గు తడుస్తూ, తాడు చేతిని వెనక్కు గుంజుతున్నట్లు అనిపిస్తే ఫ్లైవీల్‌ను షాఫ్టుపై నిలిపే కీ తెగి ఉండవచ్చు. అప్పుడు రవ్వ వస్తుంది గాని రావలసిన క్షణంలో రాదు. ఆ పనికి ఫ్లైవీల్‌ను ఊడదీసే పుల్లర్ కావాలి, దానిని మెకానిక్‌కు అప్పగించడమే మంచిది. అయితే లోపం ఎక్కడున్నదో రైతు ముందే చెప్పగలుగుతాడు.