నడివయసున ఈత పందెములు

చిన్ననాడు చెరువులోనో కాలువలోనో నేర్చిన ఈత మరపునకు రాదందురు. అది నిజమే. ఇరువది యేండ్లు నీటికి దూరమైనవాడును దిగిన మరుక్షణమున బారలు వేయగలడు. అయితే నడివయసున మరల పందెములకు దిగువానికి మేలు చేయునదియు, కీడు చేయునదియు ఈ జ్ఞాపకమే. చేతులు పూర్వపు వేగమును మరువవు. గుండెయు, ఊపిరితిత్తులును ఆ వేగమునకు తాళజాలవు.

ఇట్టివారి కొఱకే ‘మాస్టర్స్’ పందెములు ఏర్పడినవి. అమెరికాలో వీని మొదటి జాతీయ పోటీ 1970లో టెక్సాస్ రాష్ట్రమందలి అమరిల్లో నగరమున జరిగినది. నౌకాదళ వైద్యుడగు రాన్సమ్ ఆర్థర్ ఇందులకు ముఖ్య ప్రేరకుడు. పోటీ యను ఆకర్షణ యున్నచో పెద్దవారు వ్యాయామమును విడువకుందురని ఆయన తలంపు. ఐదేసి యేండ్ల కొక తరగతి చొప్పున విభజింతురు గనుక, ఏబదియేండ్లవాడు పాతికేండ్లవానితో పోటీపడ నక్కఱలేదు.

వయస్సు ప్రభావమెంతటిదో జానెట్ ఎవాన్స్ చరిత్ర తెలుపును. ఆమె 1989లో 800 మీటర్లను 8 నిమిషముల 16.22 సెకండ్లలో ఈదెను. ఆ ప్రపంచ రికార్డు 2008 వరకు నిలిచినది. 1996 తరువాత పోటీలు విడిచి, ఇద్దరు బిడ్డల తల్లియై, 2012లో నలుబదియేండ్ల వయసున అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీలలో అదే దూరమును మరల ఈదెను. ఈసారి ఇంచుమించు 9 నిమిషములు పట్టినది. జట్టులో స్థానము లభింపలేదు. కాని ఆ వ్యత్యాసమును 16 కొలను పొడవులకు పంచినచో, పొడవొక్కింటికి మూడు సెకండ్ల లోపే!

దూరపు పందెమున అసలు శత్రువు వయస్సు కాదు, తొందర. నీటిలో వేగము పదవవంతు హెచ్చింపవలెనన్న, వెచ్చింపవలసిన శక్తి ఇంచుమించు మూడవవంతు హెచ్చును. 1500 మీటర్లను 30 నిమిషములలో ఈదగలవాని నూరు మీటర్ల కాలము రెండు నిమిషములు. ఉత్సాహముచే అతడు మొదటి 200 మీటర్లలో నూటికి 15 సెకండ్లు ముందుగా పోయినచో లాభము 30 సెకండ్లు. ఆపై అలసి, మిగిలిన 1300 మీటర్లలో నూటికి పదేసి సెకండ్లు వెనుకబడినచో నష్టము 130 సెకండ్లు.

కావున పందెమును మూడు భాగములుగ తలంపవలెను. మొదటి 500 మీటర్లు ‘ఇంత నెమ్మదియా’ అనిపించునట్లుండవలెను. రెండవ భాగమున పొడవునకు వేయు బారల సంఖ్య పెరుగకుండ చూచుకొనవలెను. అది పెరుగుటయే అలసటకు తొలి గుర్తు. నిలువచేసిన బలమును మూడవ భాగమున వెచ్చింపవలెను. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బాబీ ఫింకే 1500 మీటర్ల స్వర్ణపతకము గెలిచినది ఈ నిలువతోనే. అతని సగటు 50 మీటర్లకు 29 సెకండ్లకు పైగా నుండగా, కడపటి 50 మీటర్లను 25.78 సెకండ్లలో ముగించెను.

ఇందులకు సాధనయు సులభమే. నూరు మీటర్లు పదిమారులు, నడుమ 15 సెకండ్లు విశ్రమించుచు ఈదవలెను. పదవ నూరు మొదటి నూటితో సమానమైన కాలమున ముగిసినచో, ఆ వేగము మీకు తగినది. లేనిచో తగ్గించుకొనుడు. అయితే, సాధన నారంభించుటకు పూర్వమే వైద్యునిచే గుండెను పరీక్షింపజేసికొనుట అవసరము. ఈదునపుడు ఎద నొప్పి గాని, తల తిరుగుట గాని కలిగినచో వెంటనే గట్టునకు రావలెను. పందెము మరునాడైనను ఉండును.